కూతురి ఓణీ కప్పుకున్న మునిరామయ్యన్న

చదువు సంగతి మాట్లాడే హక్కు పలమనేరు చుట్టుపక్కల ఎవరికన్నా ఉండాదంటే అది నాకే. ఎనిమిదో తరగతి దాకా చదివి, ఇంక నాకు చెప్పేదానికి అయ్యవార్ల దగ్గర సరుకు లేదని తేల్చుకుని బయటికొచ్చేసినాను. అప్పటినుంచి మోపెడ్‌కు రెండుపక్కలా క్యాన్లు కట్టుకుని, పల్లెల్లో పాలు పోయించుకుని పాల కేంద్రానికి చేరుస్తా ఉండాను. నా బండి శబ్దం వింటే ఆవులు వాటంతట అవే వరసగా నిలబడతాయి. నమ్మకపోతే మీ ఇష్టం.

రోజూ అందరి వాకిళ్లలో నిలబడేవాణ్ణి కాబట్టి, పదో తరగతి బిడ్డ ఉండే ఇల్లు ఎట్ల ఉంటాదో నాకు బాగా తెలుసు. ఒక ఇంట్లో టీవీకి దుప్పటి కప్పేస్తారు. ఇంకో ఇంట్లో పక్కింటి పిల్ల మార్కులు అన్నంలో కలిపి పెడతారు. మా మునిరామయ్యన్న దారే వేరు. ఆయన మీసం చూస్తే పోలీసోళ్లు కూడా కుర్చీలోంచి సగం లేస్తారు. బడి గడప తొక్కిన మనిషి కాదు. కొంచెం టమాట తోట, ఒక జెర్సీ ఆవు, భార్య చంద్రకాంతమ్మ, కూతురు ధరణి. అదీ ఆయన సంసారం.

తొంభై ఎనిమిదిలో ధరణి పదో తరగతి. అరసంవత్సరం పరీక్షలో లెక్కలు తప్పింది. మా పల్లెలో పబ్లిక్ పరీక్ష తప్పితే చదువు అంతటితో సరి. తప్పినోళ్లు మళ్లీ పరీక్ష కట్టింది నేనెప్పుడూ చూడలేదు. ఆ భయానికి పిల్ల అన్నం సరిగా తినడం మానేసింది.

మునిరామయ్యన్న కోప్పడలేదు. పక్కన కూర్చుని అడిగినాడు.

"పాపా, నీకు లెక్కలు ఏ పూట తలకెక్కతాయి?"

"పొద్దున్నే నాయనా. అప్పుడేమో పాలు పితకాల కదా."

"అయితే రేపటినుంచి ఆవు నాది, పుస్తకం నీది."

చెప్పడం సులభమే. దూడ చచ్చిపోయినప్పటినుంచి ఆ ఆవు ధరణి చెయ్యి పడితేనే పాలు చేపేది. ఇంకెవరు కూర్చున్నా పాలు పైకి లాగేసుకునేది. మునిరామయ్యన్న కూర్చున్నాడు. తన్నింది. ఆ తన్నుకు చెంబు ఎగిరిపోయి చిత్తూరు బస్సులో పడితే, కండక్టరు దానికి టికెట్టు కొట్టినాడని నేను ఊరంతా చెప్పినా. చంద్రకాంతమ్మ కూర్చున్నా అదే కథ. ఆవు అరుస్తాది, లోపల ధరణి పుస్తకం మూసి పరిగెత్తుకొస్తాది. అట్లా కొన్ని పొద్దులు వృథాగా పోయినాయి.

చివరికి చంద్రకాంతమ్మే దారి చెప్పింది. "అది మనిషిని సూడదయ్యా, వాసన సూస్తాది. పాప కట్టి విడిచిన ఓణీ కప్పుకుని కూర్చో."

మరుసటి పొద్దున నేను బండి ఆపేసరికి కొట్టంలో పచ్చ ఓణీ తలనిండా కప్పుకుని ఎవరో కూర్చుని ఉండారు.

"ఎవరు వదినా ఈ కొత్త పాప? మీసాలు కూడా వచ్చినట్టుండాయే!" అని చంద్రకాంతమ్మను అడిగినాను.

"అరవొద్దురా గోవిందూ, చేపుతా ఉండాది" అని ఓణీ లోపలినుంచి మునిరామయ్యన్న గొణిగినాడు.

సగం చెంబు నిండినాక ఆవు మళ్లీ బిగబట్టింది. ధరణి పాలు పితికేటప్పుడు లెక్కల సూత్రాలు పైకి వల్లిస్తా ఉండేదంట. ఆ మాట కూడా వినబడాలి దానికి. మునిరామయ్యన్న గొంతు సన్నం చేసినాడు.

"ఏ ప్లస్ బీ హోల్ స్క్వేరు... ఏ స్క్వేరు... బీ స్క్వేరు..."

"నాయనా, రెండు ఏబీ వదిలేసినావు!" అని లోపలినుంచి కేక.

"నేను వదల్లేదు పాపా, ఆవు తినేసింది!"

ధరణి పకపకా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని శానా దినాలైంది. అప్పటినుంచి రోజూ ఇదే వరస. బయట నాయన తప్పు చెబుతాడు, లోపల కూతురు దిద్దుతాది.

ఇంత మంచి కథ నా నోట్లో ఆగుతుందా? టీ అంగట్లో చెబితే చుట్టుపక్కల పల్లెలన్నీ నవ్వినాయి. పెద్ద తోట ఉండే కుప్పుస్వామి మునిరామయ్యన్నను చూసి, "ఏమప్పా, జడ ఎప్పుడు వేసుకుంటావు?" అన్నాడు.

"పరీక్షలు అయ్యేదాకా జడే కాదు, పూలు కూడా పెట్టుకుంటా. నీ కొడుకూ పదే కదప్పా, వాని కోసం నువ్వేం కప్పుకున్నావు?"

కుప్పుస్వామి టీ సల్లారిపోయింది. మీసం ఉండే మగవాళ్లను నేను లెక్కలేనంత మందిని చూసినా. అట్లాంటి మొగోణ్ణి మాత్రం ఆయన్నొక్కణ్ణే చూసినా.

లెక్కల పరీక్ష రోజు పలమనేరులో బడి గేటు దగ్గర నేనూ ఉండాను. బయటికొచ్చిన పిల్లోళ్ల చేతుల్లోంచి ప్రశ్నపత్రాలు లాక్కుని, "ఇది రాసినావా? ఇది ఎందుకు వదిలేసినావు?" అని కన్నోళ్లందరూ గేటు దగ్గరే విచారణ మొదలుపెట్టినారు. ధరణి తల వంచుకుని వచ్చింది. నేను నోరు తెరిచినా. మునిరామయ్యన్న నా కాలు తొక్కినాడు.

"ఇడ్లీ తింటావా పాపా, దోసె తింటావా?"

హోటల్లో సగం దోసె తిన్నాక ఆ పిల్లే చెప్పింది. "పెద్ద లెక్క ఒకటి రాలేదు నాయనా. తప్పితే?"

"తప్పితే మళ్లీ కడదాం. ఆవు నాకు అలవాటైపోయింది కదా."

ధరణి కండ్లు తుడుచుకుని ఇంకో దోసె చెప్పమనింది. మిగిలిన పరీక్షలకు తల ఎత్తుకుని పోయింది.

ఫలితాలొచ్చిన రోజు పేపరు తెచ్చి వాకిట్లో చదివింది నేనే. ధరణి నంబరు ఉండాది. లెక్కల్లో గట్టు అంచు పట్టుకుని ఎక్కిందని తర్వాత తెలిసింది. ఆ పొద్దు మాత్రం మునిరామయ్యన్న ఆ నంబరు నాతో మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. నా గొంతు ఎండిపోయింది. అప్పుడు మెల్లగా అడిగినాడు.

"గోవిందూ, ఆడబిడ్డల కాలేజీ ఏ పక్క ఉండాదబ్బా? ఆడికి బస్సు ఎన్ని గంటలకు?"