తెరకెక్కని సర్వర్

"ఓనరుకి నిజం నేనే సెప్తా, నీ పేరు సెడనీను" అని మా మేనేజరు మా సీనియర్‌కు మాటిచ్చి చాలా ఏళ్లయింది. మొన్న తిరుపతి ఆసుపత్రిలో ఆ సీనియర్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మాటే.

మేం శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేశాం. అక్కడి సర్వర్లపై కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్, కొత్త సర్వర్ పెడితే తనే కనిపెట్టి గోడ మీది తెరపై పచ్చ చుక్క పెట్టేది. ఆ చుక్కలు చూసి మురవడమే మేనేజరుకు వచ్చిన కంప్యూటర్ విద్య. మా సీనియర్ మాత్రం రాగానే ఒక్కో మెషీన్‌లోకీ వెళ్లి ఏం నడుస్తోందో చూశాకే టీ తాగేవారు. "తెర పచ్చగుండాదంటే అన్నీ బాగుండాయని కాదప్పా, దానికి తెలిసినవి బాగుండాయని" అనేవారు.

ఒకసారి లారీలకు లోడింగ్ చీటీలిచ్చే కొత్త సర్వర్ తెరకెక్కలేదు. సీనియర్ అనుమతులు చూశారు, పోర్టు చూశారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి ఫోల్డర్ పేరు దగ్గర ఆగారు. సాఫ్ట్‌వేర్ వెతికేది ఆ పేరుతోనే. సర్వర్ పెట్టిన రోజే మేనేజరు కొబ్బరికాయ కొట్టించి, ఆ పేరును 'శ్రీనివాస' అని మార్పించి ఉన్నారు.

"పాత పేరే పెడదాం సార్."

"స్వామి పేరు తీసేస్తావా? తిరపతోడివేనా నువ్వు?"

"స్వామికి తెలస్తాది సార్, సాఫ్ట్‌వేర్‌కి తెలీదే! పోనీ, కొత్త పేరన్నా దానికి నేర్పనీండి."

"మంచిరోజు సూసి సేద్దాంలే."

మంచిరోజు రాకముందే ఆ సర్వర్ ఆగిపోయింది. గేటు బయట లారీలు బారులు తీరాయి. తెర నిండా పచ్చ చుక్కలే. ఆ సాయంత్రమే మేనేజరు మాటిచ్చింది. ఓనరు ముందు మాత్రం నోరు మెదపలేదు. తప్పు మా సీనియర్ మీద పడి, ఆయన ఉద్యోగం పోయింది. నేను చెబుతానని లేస్తే ఆయనే చెయ్యి పట్టి ఆపారు. "ఉండప్పా, సార్ మాటిచ్చినాడు కదా."

సంతాప సభలో ఆ మేనేజరే "నా కుడిభుజం పోయినాడు" అంటూ కళ్లొత్తుకున్నాడు. తడి లేని కళ్లను అంత శ్రద్ధగా తుడుచుకున్న మనిషిని నేను చూడలేదు. అతన్ని నేను నిందించను. నిందించడానికైనా మనిషిలో కాస్త బరువుండాలి.

పోయే ముందు మా సీనియర్‌ను ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు, మంచం పక్కన తెర మీద పచ్చ గీత ఎగిరెగిరి పడుతోంది. ఆయన దాన్ని చూడకుండా, తన మణికట్టు తానే పట్టుకుని నాడి చూసుకుంటున్నారు.

"సార్ ఓనరుకి సెప్పినాడంటనా?" అన్నారు.

"లేదు."

"సెప్తాడులేప్పా."

ఏ తెరనూ నమ్మని మనిషి ఆ మేనేజరును నమ్మి, నా నోరు కూడా కట్టేసి పోయారు. నేను ఈనాటికీ తప్పుపట్టేది ఆయన్నే, మా సీనియర్‌నే.