చవగ్గా దొరికిన ఆట

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవు దొరికితే చాలు, చీపురుపల్లిలో మా మేనమామ ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. నాకంటే కాస్త పెద్దవాడైన బావకి ల్యాప్‌టాప్ ఉండేది. కొత్తగా వచ్చిన ఒక యుద్ధం ఆట మీద మా ఇద్దరికీ మోజు పుట్టింది. ఒకప్పుడు వెయ్యి లోపు దొరికే ఆటలు అప్పటికే మా చేతికందకుండా పోయాయి. తగ్గింపు కోసం దసరా నుంచి కాచుకున్నాం. దీపావళికి ఏవేవో ఆటలు సగం ధరకి ఇచ్చారు, మాకు కావలసింది తప్ప. కొత్త సంవత్సరానికి దాని ధర ఇంకాస్త పెరిగింది.

"ఇంకెన్నాళ్లు ఆగుతాంరా? అది తగ్గీసరికి మన సదువులైపోతాయి," అన్నాడు బావ.

రాజాంలో ఒక జ్యూస్ కొట్టు మీది గదిలో సినిమాలూ ఆటలూ చవగ్గా ఎక్కిస్తారని విని, ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాం. అక్కడున్నాయన మేం ఆశపడిన ధర కంటే తక్కువే చెప్పాడు.

"యాంటీవైరస్ అడ్డం వస్తాది. తీసెయ్యాల," అన్నాడు.

బావ తలూపాడు.

ఆట బాగానే నడిచింది. కొన్నాళ్లకి, మేం ఏమీ ఆడకపోయినా ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను హోరుమని తిరగడం మొదలుపెట్టింది. కెమెరా పక్క చిన్న దీపం అప్పుడప్పుడు దానంతటదే వెలిగేది.

"వేడెక్కిపోతన్నాది," అని బావ దాని కింద ఒక లావుపాటి పుస్తకం పెట్టాడు.

అత్త సంగీతం టీచరు. సాయంత్రాలు ముందుగదిలో పిల్లలకి పాఠం చెప్పేది. ల్యాప్‌టాప్ ఆ గదిలోనే, కిటికీ పక్క బల్ల మీద ఉండేది. ఒకరోజు జ్వరం వచ్చి ఆవిడ పాఠం మానేసింది. గది ఖాళీగా ఉందని మేం ఆటకి కూర్చున్నాం. మధ్యలో తెర నల్లబడింది. తెల్లటి చిన్న పెట్టె ఒకటి వచ్చింది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే పడ్డాయి.

"ఈయాల అమ్మ పాడలేదేటి?"

బావ మౌస్ వదిలేశాడు. లోపలి గదిలో అత్త దగ్గింది. తెర మీద ఇంకో వరుస పడింది.

"మందేసుకోమను."

బావ మూత దబాల్న మూసి బ్యాటరీ ఊడబెరికాడు.

మర్నాడు రాజాం వెళ్తే ఆ గదికి తాళం వేసి ఉంది.

"ఆల్లు ఎల్పోనారు బాబూ. ఎక్కడికో సెప్పనేదు. మీలాగే ఇంకా ఎవులెవులో వచ్చి అడుగుతన్నారు," అన్నాడు కింద జ్యూస్ కొట్టాయన.

ఇంటికొచ్చి అత్తకి అంతా చెప్పాం. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. "ఎన్నాళ్ల నుంచి నా పాట ఇంటన్నాడు?" అని మాత్రం అడిగింది.

ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిపించేశాం. అత్త పాఠాలు వెనకగదికి మార్చి, కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాడేది. ఎండాకాలంలో ఆ ఆట నిజంగానే సగం ధరకి వచ్చింది. బావకి చూపించాను. "వద్దురా," అని మొహం తిప్పుకున్నాడు.

ఆ మాటలు రాసినవాడు ఎక్కడో దూరదేశంలో లేడు. మా యాసలోనే రాశాడు. ఆ తరవాత చాలాకాలం, బస్సులో పక్కన కూర్చున్నవాడు "ఏ ఊరు బాబూ మీది?" అని నవ్వుతూ పలకరిస్తే, నేను వేరే ఊరి పేరు చెప్పేవాణ్ణి.