మేడ మీది నుంచి చెప్పిన కబురు

కార్తీక శుద్ధ తదియ, మంగళవారం. వాకిలి ఊడ్చాను, రెండు బిందెల నీళ్లు పట్టాను, జొన్నలు చెరిగాను. పొయ్యి వెలిగించబోతుండగా పక్కింటి పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు వచ్చి చెప్పింది. మిగతా పనులు చేయలేదు. రోజూ పనులూ ఖర్చులూ రాసుకునే ఈ లెక్కల పుస్తకంలో ఇవాళ ఆమె గురించే రాస్తున్నాను.

మొఘల్‌పురాలో మా గల్లీ అంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. ఆడవాళ్ల దవాఖానలో ఆమె పెద్ద ఆయా. ఆ దవాఖానలో ఒకప్పుడు ఒక మామూలు ఉండేది. కాన్పు కాగానే ఎవరో ఒక ఆయా కిందికి వచ్చి చెయ్యి చాచేది. ఇనాము చేతిలో పడితేనే పుట్టింది ఎవరో, తల్లి ఎలా ఉందో చెప్పేది. పైసలు లేనివాళ్లు ఏమీ తెలియక సాయంత్రం దాకా గేటు దగ్గరే కూర్చునేవారు.

పెద్ద ఆయా అయ్యాక ఆమె దాన్ని ఆపింది. ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. కాన్పు కాగానే తానే మేడ వరండాలోకి వచ్చి, కింద ఉన్న అందరికీ వినబడేట్టు పిలిచేది.

"ఓ ఛత్రినాక పాలాయనా, ఆడపిల్ల. తల్లి మంచిగున్నది. పైకి రా."

అందరూ విన్న కబురుకు ఇంకెవరు డబ్బులిస్తారు?

నా పెద్ద కూతురు పుట్టినప్పుడు ఆ గొంతు మంచం మీది నుంచి విన్నాను. మర్నాడు ఆయాల లొల్లి కూడా విన్నాను.

"మా కడుపు మీద కొడ్తున్నవ్ పెద్దమ్మా. ఈ జీతంతోని నీకెల్తదా?" అంది ఒక ఆయా.

"ఎల్లదు. నడువుండ్రి, డాక్టరమ్మను అడుగుదం. నేను ముంగట నిలవడ్త."

"గామె ఇయ్యకుంటే?"

"మల్ల అడుగుదం. గని పుట్టిన పిల్లను కుదవ వెట్టుడు మాత్రం బంద్."

జీతం పెరిగింది, కానీ పోయిన ఇనాములంత కాదు. అలా అడిగిన ఆయా చాలా రోజులు పెద్దమ్మతో మాట్లాడలేదు. ఆమె కోపంలోనూ న్యాయం ఉంది. నాకు ఇప్పటికీ తేలని లెక్క అది.

ఈ పట్టుదల ఎక్కడిదో తెలుసుకోవాలని నాకు ఎంతో కుతూహలం. ఒక మధ్యాహ్నం ఇద్దరం చింతపండు గింజలు తీస్తుంటే అడిగేశాను.

"పెద్దమ్మా, నువ్వెన్నడు తీస్కోలేదా?"

"ఎందుకు తీస్కోలే? మస్తు తీస్కున్న," అని నవ్వింది.

ఆమె కొత్తగా కొలువులో చేరిన రోజుల్లో ఒక కూలాయన దగ్గర పైసల్లేవట. ఈమె కబురు చెప్పలేదు. పైన తల్లేమో, ఆడపిల్ల పుట్టిందని మొగుడు అలిగి వెళ్లిపోయాడనుకుని గోడవైపు తిరిగి పడుకుంది. పిల్లకు పాలివ్వలేదు.

"పొద్దుగూకినంక నేనే పోయి గాయన్ను పిల్చుకొచ్చిన. పిల్లను జూసి నవ్విండు. గప్పుడు ఆమె ఇటు తిరిగింది. ఒక్క మాట బిడ్డా, గంతే. గా మాట నోట్లె పెట్టుకొని దినమంత తిరిగిన నేను."

ఈ సాయంత్రం ఆమెను తీసుకుపోయే ముందు, ఆనాడు కొట్లాడిన ఆయా వచ్చింది. తలంతా నెరిసింది. పెద్దమ్మ పక్కన కూలబడి, పసిపిల్లకు చుట్టినట్టు దుప్పటి అంచులు గడ్డం కిందికి సర్దింది.

"నా ఇనాములన్ని ఈమె మీద బాకీనే," అంది నాతో. "లెక్కలు రాస్తవట గద నువ్వు. కొట్టేసిన అని రాయి."

రాశాను. బాకీ చెల్లు.