మొట్టికాయ, బెల్లం ముక్క

మొన్న మా మనవరాలు గడప తట్టుకొని పడింది. మోకాలు గీసుకుపోయింది. ఏడుపు గొంతులోకి వచ్చేలోపే మా కోడలు బిస్కెట్ చూపించి, "ఏడ్వకుంటే ఇస్త" అన్నది. పిల్ల ఠక్కున నోరు మూసుకుంది. ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం కసిరాను. "ఏడ్వనియ్యమ్మా దాన్ని. యాడ నొస్తుందో చెప్పనియ్యి." ఇంత చిన్నదానికి అంత కోపమెందుకో కోడలికి అంతుపట్టలేదు. ఆమెకు మా చెల్లెలి సంగతి తెలియదు.

గద్వాలలో మా నాయనకు రెండు మగ్గాలుండేవి. అమ్మ పోయాక, పదిహేనేళ్లకే ఇంట్లో ఆడవాళ్ల పనికంతా నేను పెద్దనయ్యాను. మా చీరకు ఒళ్లంతా నూలు, కొంగు పట్టు. కొంగు మొదలయ్యే చోట ఒక్కో నూలుపోగుకు ఒక్కో పట్టుపోగును, వేళ్లకు బూడిద అద్దుకొని, మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. మెడ వంచితే మళ్లీ ఎత్తేది అన్నానికే. నాకంటే ఐదేళ్లు చిన్నదైన చెల్లెలికి ఆ పని నేర్పే భారం నా మీద పడింది. నేర్పడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. "అక్కా, పోగు తెగింది" అంటే మొట్టికాయ. పొద్దంతా ఆ మాట వినపడకపోతే సాయంత్రం బెల్లం ముక్క. మొట్టికాయల్లో నాది ధారాళమైన చెయ్యి, బెల్లం దగ్గర మాత్రం పిసినారిని. నెల తిరక్కుండానే ఆ మాట వినపడడం మానేసింది. నా పెంపకానికి నేనే మురిసి, నాయన దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఒకనాడు నాయన మగ్గం ఆపి మమ్మల్ని పిలిచాడు. కొంగు మొదట్లో సన్నటి సందులు. పోగులు అతక్కుండా వదిలేసినవి. నేను చెయ్యెత్తాను. చెల్లెలు అలవాటుగా తల వంచింది. నాయన నా చెయ్యి పట్టుకొని ఆపి, దాన్నే అడిగాడు.

"కనపడ్తలేవు నాయనా. ఈ కన్ను మసక."

"ఎన్నొద్దుల సంది?"

"వానలు పడ్డకాడికెల్లి."

అప్పటికి చలికాలం వచ్చేసింది. "మరి అక్కకు చెప్పలేదేందే?" అన్నాడు నాయన.

"చెప్తే కొడ్తది గద. ఊకుంటే బెల్లమిస్తది."

ఆ గొంతులో కోపం లేదు, చాడీ లేదు. నేను నేర్పిన పాఠాన్నే నాకు ఒప్పజెప్పింది. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. మర్నాడే కర్నూలు తీసుకుపోయాం. మొదట్లోనే తెచ్చి ఉంటే కన్ను నిలిచేదన్నాడు డాక్టరు. నిలవలేదు.

తర్వాత అది పెళ్లయి వనపర్తి వెళ్లింది. ఎప్పుడు పోయి "ఎట్లున్నవే?" అన్నా "మంచిగనే ఉన్నక్కా" అంటుంది. మోకాళ్లు వాచి నడవలేని రోజుల్లోనూ అదే మాట, దాని మొగుడు చనిపోయిన ఏడూ అదే మాట. ఒకసారి మనసాగక, "నన్ను ఒక్కసారన్న తిట్టవే" అన్నాను. నవ్వి, "తిడితే బెల్లమిస్తవా?" అంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను. నా మొట్టికాయల నొప్పి ఆ పూటకాపూటే పోయి ఉంటుంది, అవి నేర్పిన మౌనం మాత్రం యాభై ఏళ్లయినా దాన్ని వదల్లేదు.