మొగ దగ్గర ముయ్యి

మా వదిన పోయిన నెల నంద్యాలలో, మా ఇంట్లోనే కన్నుమూసింది. మా ఆయనకు సొంత అక్క. తెల్లవారి కాఫీ తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదు. ఆ రోజంతా నేనే అందరికీ ఫోన్లు చేసి చెప్పాను. ఆమె ఏం ఉద్యోగం చేసేదని కొందరు అడిగారు. సముద్రంలో చేపగుడ్లు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతాయో చూసేదని చెబితే, "ఏంటీ?" అని మళ్ళీ అడిగేవాళ్ళు. ఫోన్లో విడమరచి చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

వదిన పుట్టిన పల్లె ఆళ్ళగడ్డకూ రుద్రవరానికీ మధ్య ఉంది. మామ బడిపంతులు. పిల్లల చదువు తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. కాలేజీ వాళ్ళు తీసుకెళ్ళేదాకా వదిన సముద్రాన్ని చూడలేదు. చూశాక మాత్రం వదల్లేదు. కోస్తాలోనే ఉద్యోగం చేసింది, పెళ్ళి చేసుకోలేదు. పండక్కి ఇంటికొస్తే మా అత్త దెప్పేది. "అందరూ పిల్లోల్లను సాకుతాంటే, నువ్వు చేపపిల్లల్ని సాకుతాండావా?" అనేది. వదిన నవ్వి, "సాకేది నేను కాదుమా, నీళ్ళు," అనేది.

నాకు ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మాది చెరువుల సీమ కదా. ఏ ఊరి చెరువులో చేప ఆ ఊరిదే, ఆ ఊరోళ్ళే వేలం పాడుకుంటారు. సముద్రం కూడా అంతేననుకున్నాను. ఏ పల్లె ఒడ్డున చేప ఆ పల్లెదే అని ఒకసారి వదినతో అన్నాను కూడా. అప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. తవుడూ పొట్టూ నీళ్ళ మీద తేలాయి. వదిన నా చేతిలో గిన్నె తీసుకుని మెల్లగా తిప్పింది. పొట్టంతా వరసగా తిరిగి అవతలి అంచుకు చేరింది.

"చూడు మేయ్, ఎట్ల పోతాండాయో. వాటికి కాళ్ళు లేవు, రెక్కలు లేవు. నీళ్ళు యాడికి తీసకపోతే ఆడికి. చెరువుకంటే గట్టుంది. సముద్రానికి యాడుంది గట్టు?"

అప్పుడే చెప్పింది. చాలా చేపల గుడ్లు ఆవగింజ కన్నా చిన్నవి, గాజులాగా ఉంటాయి. కొన్నిటి లోపల ఒక నూనెబొట్టు ఉంటుంది, అదే తేలుస్తుంది. ఒకట్రెండు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది కానీ, దానికి ఈదే బలం ఉండదు. వారాల తరబడి నీటివాలుకు పోతూనే ఉంటుంది. బలం వచ్చేసరికి అది తల్లి ఉన్న ఒడ్డు కాదు, వేరే ఊరి ఒడ్డు. మన కోస్తాలో ఆ వాలు కూడా ఒకే వైపు ఉండదట. వేసవిలో ఉత్తరానికి, వానలు తగ్గి చలి మొదలయ్యే కాలంలో దక్షిణానికి పారుతుందట.

ఇంత తెలిసిన మనిషికి ఒక్క పని మాత్రం చేతకాలేదు. అది ఆమెను చివరిదాకా బాధపెట్టింది.

ఆమె పనిచేసిన చోట రెండు పల్లెలున్నాయి. ఒకటి దక్షిణాన, ఒకటి ఉత్తరాన. రెండింటి పక్కనా వాగు సముద్రంలో కలిసే చోటు ఉంది. దాన్ని అక్కడ మొగ అంటారు. చేపలు గుడ్లు పెట్టడానికి మొగ దగ్గరికి చేరతాయి, చిన్న వలలకు సులువుగా దొరుకుతాయి. ఏటేటా చేప తగ్గిపోతోంది. వేసవిలోనూ, వానలు తగ్గాకా గుడ్లు పెట్టే ఆ కొన్ని వారాలు మొగలో వల వేయకండని వదిన రెండు పల్లెలకూ తిరిగి చెప్పింది. దక్షిణపు పల్లెలో ఒక పెద్దాయన లేచి, "మేం కడుపు మాడ్చుకుంటే పిల్లలు ఉత్తరపోళ్ళ వలలో పడతాయి. మాకేంటమ్మగారూ?" అన్నాడట. అడగాల్సిన మాటే. నేనైనా అదే అడుగుతాను. నా చేతి నుంచి పోయిందేదో తిరిగి ఎప్పుడొస్తుందో తెలియకుండా ఏ ఇల్లాలూ ఇవ్వదు.

వదిన దానికి పుస్తకాల్లో జవాబు వెతకలేదు. మన పల్లె సంగతి చెప్పింది. ముయ్యి అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఈ రోజు నేను మీ చేలో కలుపు తీస్తే, రేపు మీరు నా చేలో తీస్తారు. కూలి ఉండదు. వేసవిలో మీ గుడ్లు వాళ్ళకు పోతాయి, చలికాలం ముందు వాళ్ళవి మీకు వస్తాయి, ఇది సముద్రం పెట్టిన ముయ్యి అని చెప్పింది. వాళ్ళు విన్నారు. ముందు ఎవరు దిగాలన్న దగ్గర ఆగిపోయారు. దక్షిణం వాళ్ళు ఉత్తరం వైపు, ఉత్తరం వాళ్ళు దక్షిణం వైపు చూశారు. ఆమె రిటైరయ్యేదాకా చూస్తూనే ఉన్నారు.

తరువాత మా దగ్గరికే వచ్చేసింది. మంచి తోడు. కూర నేను చేస్తే ఉప్పు ఆమె చూసేది. ఫ్యాను కింద ఆరేసిన బట్టలు ఎటు ఊగుతున్నాయో చూస్తూ కూర్చునేది. ఎవరైనా గొప్పగా ఏదైనా చెబితే, "సరే, ఎట్ల తెలిసె నీకు?" అని అడిగేది. అందులో వెటకారం ఉండేది కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగేది. మంచం పట్టాక ఒక రోజు నాతో, "చెప్పేది సరిగ్గా చెప్పలేదేమో మేయ్ నేను. ముయ్యిలో ముందు దిగేటోడికి ధైర్యం కావాల. అది నేను ఇయ్యలేకపోతి," అంది. నేను ఆమె కాళ్ళు ఒత్తుతూ కూర్చున్నాను.

ఆమె జ్ఞాపకార్థ కూడికకు కోస్తా నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు ఆ రోజు ప్రశ్న అడిగిన దక్షిణపు పెద్దాయన. రెండోవారు ఉత్తరపు పల్లె మనిషి, కొంచెం చిన్నవాడు. రైలు ఒకటే అయినా ఎడమెడంగానే నడిచి వచ్చారు. ప్రార్థన అయి, భోజనాలు అయ్యాక పెద్దాయన చెప్పాడు, ఈ వేసవిలో తమ పల్లె మొగలో వల వేయలేదని. వదినకు తెలుసా అని అడిగాను. "అవతలి వాళ్ళు కూడా ఒప్పుకున్నాక ఒకేసారి చెబుదామని ఆగామమ్మా. ఆగకుండా ఉండాల్సింది," అన్నాడు. ఉత్తరపు మనిషి తల వంచుకుని మజ్జిగ తాగుతున్నాడు.

అమ్మగారు చెప్పిన ఆ కలుపు పని ఒకసారి చూడాలని పెద్దాయనే అడిగాడు. మా ఆయన మర్నాడు కారులో అందరినీ వదిన పుట్టిన పల్లెకు తీసుకెళ్ళాడు. శనగ చేలో నాలుగిళ్ళ ఆడవాళ్ళు వరసగా కూర్చుని కలుపు తీస్తున్నారు. ఈ చేను ఎవరిదని పెద్దాయన గట్టు మీద నుంచి అడిగాడు. ఒకామె తలెత్తకుండానే, "ఈ పొద్దు ఈమెది. రేపు నాది," అంది.

ఉత్తరపు మనిషి చాలాసేపు చూశాడు. చెప్పులు గట్టు మీద వదిలి, ప్యాంటు మడిచి, వరస చివర కూర్చుని చేతికందింది పీకడం మొదలుపెట్టాడు. పక్కనున్న ముసలామె అతని చేతిలోకి చూసింది.

"యాడోడివప్పా నువ్వు? గడ్డి వదిలిపెట్టి శనగ చెట్టు పీకితివే!"

వరసంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు. అతను మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, "వానలు తగ్గాక మా మొగలో వల పడదమ్మా," అన్నాడు. పీకిన మొక్కను ఆ గుంటలోనే నిలబెట్టి, అది బతుకుతుందో లేదో తెలియకపోయినా, రెండు చేతులతో చుట్టూ తడిమట్టి అదుముతూ కూర్చున్నాడు.