వంటింటి కింద బావి

బొంబాయి దగ్గర భివండిలోని నాగావ్‌లో మేం పద్దెనిమిదేళ్లు అద్దెకున్న ఖోలీ ఇంటి కింద పూడ్చేసిన బావి ఉందని మొదట చెప్పింది నేనే. సేటు అద్దె పెంచడానికి వచ్చిన రోజు అప్పటికప్పుడు అల్లిన కథ అది. వానాకాలం వంటింట్లో నిలబడితే కింద నీళ్ల చప్పుడు వినిపిస్తుందన్నాను. ఆ ఏడు ఆయన అద్దె పెంచలేదు. పనికొచ్చిన కథ కదా అని తర్వాత తర్వాత ఇరుగుపొరుగుకు చెప్పేటప్పుడు ఆ బావిలో ఒక బర్రెను కూడా పడేశాను.

నిరుడు సేటు ఖోలీ అమ్మేస్తానన్నాడు. నెలాఖరులోగా మేం కొనకపోతే గోదాం వాళ్లకు ఇచ్చేస్తాడట. మా ఆయన మరమగ్గాల షెడ్డులో సాంచాలు నడిపి తెచ్చేది తిండికే సరిపోతుంది. బ్యాంకు లోను తప్ప దారి లేదు.

ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు ఒక పెద్దాయన్ని పంపింది. ఆయన టేపుతో కొలిచి, పక్కవాళ్లను నాలుగు మాటలడిగి పోయాడు. ఆయన కట్టిన విలువకు మాకు కావలసిన లోను రాదు. కారణం కాగితంలోనే ఉంది: వంటింటి కింద పూడ్చిన బావి.

సరిచూద్దామని రెండో మనిషిని పంపారు. అతను ఎవరినీ ఏమీ అడగలేదు. చేతిలోని కొలిచే యంత్రం గోడకు చూపిస్తే ఎర్రచుక్క పడింది. పక్క షెడ్డులో సాంచాల అదురుకు చుక్క వణుకుతుంటే విసుక్కుంటూ మూడుసార్లు కొలిచాడు. చుట్టుపక్కల అమ్ముడైన ఇళ్ల ధరలు చూసి కంప్యూటరే విలువ చెప్పిందట. దానికి బావి సంగతి తెలియదు కాబట్టి బాగా ఎక్కువే చెప్పింది.

రెండు విలువలకూ పొంతన లేకపోతే లోను ఇవ్వలేనని మేనేజరు ఇద్దరినీ కలిపి మళ్లీ పంపాడు.

బావి లేదనీ, అది నేను అల్లిన కథేననీ హిందీలో ఒప్పుకున్నాను. పెద్దాయన నవ్వాడు. "లోను కావాల్సి వచ్చేసరికి బావి మాయమైందా?" అన్నాడు.

ఇంతలో పక్కింటామె వచ్చింది. "ఏందక్కా, గిప్పుడు మాట మారుస్తున్నవ్? బర్రె పడ్డప్పుడు నేను గీడనే ఉన్న!" అంది. ఆమె భివండికి వచ్చిందే మా తర్వాత ఆరేళ్లకు. బ్యాంకు వాళ్లిద్దరికీ తెలుగు రాదని, చేతులు నెత్తిన పెట్టి కొమ్ములు కూడా చూపించింది.

మా ఆయన లేచి గడ్డపార తెచ్చాడు. "జరుగు. నీ నోటితోని గాదు, దీనితోని చెప్తా" అని నాతో అంటూ పొయ్యి పక్కన మూడు బండలు పెకలించాడు. మోకాలి లోతు తవ్వేసరికి గొయ్యంతా పరుచుకున్న నల్లరాయి తగిలింది. గడ్డపార ఖణేలుమంది. పెద్దాయన గోతిలోకి దిగి, టేపు పెట్టి, రాయిని బూటుతో తన్ని చూసుకుని కాగితంలో బావిని కొట్టేశాడు. ఆయన కట్టిన విలువ పెరిగింది.

రెండో అతను గొయ్యి ఫొటో తీసుకున్నాడు. వంటింటి నేల పాడైందని కంప్యూటరు లెక్కేసుకుని, తను చెప్పిన విలువ తగ్గించింది. రెండూ దాదాపు ఒకచోటికి వచ్చాయి. మేం అడిగిన లోనుకు అది సరిపోయింది. మూడు బండలు పగలగొట్టుకోవడం తప్ప నేను నిజం చెప్పి సాధించింది ఏమీ లేదు.

నెలాఖరుకు రెండు రోజుల ముందు సంతకాలకు బ్యాంకుకు పోయాం. ఇంటి గురించి ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అని మేనేజరు నన్నే చూస్తూ అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "ఏం లేదు సార్" అని కలం నా చేతిలో పెట్టాడు.