పంజరం దాటని కుందేలు, మా తోడికోడలు

ప్యాంటు నడుము పట్టడం లేదని ఒకాయన మా తోడికోడలి కుట్టుగదిలోకి వచ్చి వీధంతా వినబడేలా అరిచాడు. ఆమె నోట్లో గుండుసూదులున్నాయి, మాట్లాడే వీల్లేదు. టేపు తీసి ఆయన చేతికిచ్చింది. తన నడుము తనే కొలుచుకున్నాడు. పుస్తకంలో రాసి ఉన్న పాత కొలత చూశాడు. పొట్ట లోపలికి పీల్చి మళ్ళీ కొలిచాడు. "కాస్త వదులు చెయ్యండమ్మా" అన్నాడు చివరికి, మెల్లగా. నేనైతే అరగంట దులిపి గెలిచేదాన్ని. ఆయన మాత్రం మళ్ళీ ఆ గుమ్మం తొక్కేవాడు కాదు.

మొన్నామధ్య ఆమె మనవరాలికి కుందేలును కొన్నారు. వారమైనా అది పంజరం మూల వదల్లేదు. "దీనికన్నా బొమ్మ నయం. ఆదివారానికి బయటికి రాకపోతే కొట్లో తిరిగిచ్చేస్తా" అన్నాడు అల్లుడు. పిల్ల తిండి మానేసింది. నేనూరుకుంటానా? చెయ్యి పెట్టి లాగాను. నున్నటి గచ్చు మీద దాని నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు జారాయి. ఒక్క ఉరుకున లోపలికి దూరి, ఆ రోజంతా క్యారెట్ ఆకు కూడా ముట్టలేదు.

"దానికి ఆ నేలంటే భయం అక్కా. ఇప్పుడు నీ చెయ్యన్నా భయమే."

"నా చేతికేమొచ్చింది?"

"ఏం రాలేదులే. దాని మానాన దాన్ని రానీ."

పంజరం తలుపు బార్లా తెరిచి, చప్పుడు కాకుండా పీలికతో వెనక్కి కట్టేసింది. అక్కడి నుంచి గది మధ్య దాకా పాత కంబళి ముక్కలు పరిచింది. మిషను ఆపి, కుందేలుకు వీపు తిప్పి, నేల మీద కూర్చుని చేత్తో గుండీలు కుట్టింది. రోజూ ఒక గంట. పక్కనే పిల్ల, పెదాలు బిగించుకుని. మొదటి రోజు ముక్కు కనబడింది. మూడో రోజు ముందుకాళ్ళు కంబళి మీదికి వచ్చాయి. పిల్ల తల తిప్పిందో లేదో, మళ్ళీ లోపల. గురువారం మొత్తంగా బయటికొచ్చి, ఆమె కుడుతున్న చొక్కాను వాసన చూసి పోయింది. కళ్ళారా చూస్తే గానీ నమ్మనన్నాడు అల్లుడు.

శుక్రవారం ఆమెకు కంటి ఆపరేషన్. వంగకూడదు, సూది పట్టకూడదు.

"ఆదివారం దాకా నా చోట నువ్వు కూర్చో అక్కా."

"నేనా? దాన్ని లాగింది నేనేగా?"

"అందుకే. నిన్ను చూసి పారిపోలేదంటే ఇంకెవర్ని చూసీ పారిపోదు."

గుండీల డబ్బా నా ఒళ్ళో పెట్టింది. "దానికి వీపు తిప్పి కుట్టుకో, అంతే. మాట్లాడకు. ఆగలేకపోతే దారం ముక్క పళ్ళ మధ్య పెట్టుకో. గుండుసూదులు నీకొద్దు."